వెలిసిన బొచ్చుకు తైలం కాదు, నీడ కావాలి

నెల్లూరు సముద్రతీరంలో నల్లని కుక్కలను ముద్దుగా పెంచుకొనే ఇళ్లలో ప్రతి యేటా రోహిణి కార్తె దాటేసరికి ఒకే ప్రశ్న పుడుతుంది. ఉగాది నాటికి నేరేడుపండువలె నిగనిగలాడిన లాబ్రడార్ వీపు జ్యేష్ఠమాసం ముగిసేసరికి ఇనుప తుప్పు రంగుకు తిరుగుతుంది. డోబర్‌మన్ మెడమీద, జర్మన్ షెపర్డ్ తోక చివర, చెవుల వెనుక ఎర్రని ఛాయ కనిపిస్తుంది. రాబోయే చలికాలంలో చెన్నైలోనో హైదరాబాదులోనో జరిగే శునక ప్రదర్శనకు తీసుకొనిపోవాలని ఆశపడిన యజమానికి గుండె జారుతుంది. వెంటనే వైద్యునికి ఉత్తరం వ్రాస్తాడు. "ఏ తైలం రాస్తే మా కుక్కకు మళ్ళీ నలుపు వస్తుంది? గుంటగలగరాకు పనిచేస్తుందా? నీలి ఆకు మంచిదా? ఉసిరిక రసం పట్టించవచ్చునా?" అని.

ఇటువంటి ఉత్తరాలకు నా సమాధానం చాలామందికి రుచించకపోవచ్చు. అయినా ఆయుర్వేదాన్ని నమ్ముకొన్నవాడిగా చెప్పక తప్పదు. ఎండకు వెలిసిన వెంట్రుకను తిరిగి నల్లబరచే తైలం ఏదీ లేదు. ఉన్నదని ఎవరైనా సీసాలో పోసి అమ్మితే అది మన శాస్త్రానికి కీర్తి తెచ్చే పని కాదు. కుక్కకు కావలసినది మందు కాదు, ముందు నీడ. తరువాత మంచినీరు. ఆ తరువాత సరియైన కూడు. తైలం వంతు అన్నింటికంటె చివర వస్తుంది.

వెంట్రుకకు ప్రాణం లేదు

చరకాదులు కేశాలను, రోమాలను, గోళ్లను అస్థిధాతువు యొక్క మలాలుగా లెక్కించారు. అనగా శరీరం తన పోషణలో భాగంగా వెలుపలికి విడిచిన పదార్థమే వెంట్రుక. ఒకసారి బయటకు వచ్చిన తరువాత దానికి రక్తం అందదు, ఆహారం అందదు. ఆధునిక శాస్త్రం కూడా ఇదే మాట మరొక పరిభాషలో చెప్పుచున్నది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన నిర్జీవమైన పోగు. దాని నలుపు మెలనిన్ అనే వర్ణకం వలన కలుగుతుంది. ఆ వర్ణకం చర్మంలోని వేరు దగ్గర, వెంట్రుక తయారయ్యే సమయంలో మాత్రమే లోపలికి చేరుతుంది. తరువాత చేర్చడానికి ద్వారం లేదు.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఆ నల్లని వర్ణకాన్ని క్రమక్రమంగా విరిచివేస్తాయి. నలుపు పోయి గోధుమ, ఆపైన ఇటుక ఛాయ మిగులుతుంది. ఎండలో ఆరవేసిన నల్లచీర అంచు వెలసినట్లే ఇదీ. వెలసిన చీరకు ఎంత గంజి పెట్టినా పాతరంగు రాదు. వెలసిన రోమానికి ఎంత నూనె పట్టించినా మెరుపు వచ్చునేమో గాని నలుపు రాదు. గుంటగలగరాకు తైలం మంచిది కాదని నేను అనడం లేదు. మనుష్యులకు అది కేశ్యమే. కాని దాని ప్రయోజనం వేరుకు సంబంధించినది, చచ్చిన పోగుకు రంగువేయడం కాదు.

కాబట్టి వెలసిన కుక్క నల్లబడాలంటే పాత బొచ్చు రాలి కొత్త బొచ్చు రావాలి. పొట్టి బొచ్చు జాతులకు ఇందుకు కొన్ని మాసాలు, పొడవు బొచ్చు జాతులకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఈ ఓపిక లేక తైలాల వెంట పరుగెత్తేవారు డబ్బూ పోగొట్టుకొంటారు, కాలమూ పోగొట్టుకొంటారు.

తీరప్రాంతపు ఎండ, ఉప్పు

మన తీరంలో ఎండ ఒక్కటే శత్రువు కాదు. దానికి ఉప్పు తోడవుతుంది. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం సముద్రతీరాలకు సాయంకాలం కుక్కను తీసుకొనిపోయి అలలలో ఆడించడం చాలామందికి వేడుక. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, దాని పైపొర రేకులు విచ్చుకొంటాయి. ఆ స్థితిలో ఉప్పునీరు పట్టి ఎండలో ఆరితే రంగు మరింత త్వరగా వెలుస్తుంది, బొచ్చు పీచువలె మొద్దుబారుతుంది. పైగా పొడి ఇసుక తనమీద పడిన అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి విసురుతాయి. అందుచేత తీరాన ఎండ పైనుంచే కాక క్రిందినుంచి కూడా కొడుతుందన్నమాట. ఇంట్లో బోరునీరు ఉప్పగా ఉన్న గ్రామాలలో స్నానం చేయించినా ఉప్పు తిరిగి బొచ్చులోనే మిగిలిపోతుంది.

మన ప్రాంతపు పశువులను చూచి నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది. ఒంగోలు గిత్తను చూడండి. బ్రెజిల్ దేశం ఈ జాతిని మన నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అని పిలుచుకొని లక్షలాదిగా పెంచుకొంటున్నది. దానికి పైన తెల్లని రోమం, లోపల నల్లని చర్మం. తెల్లని రోమం వేడిని తిప్పికొడుతుంది, నల్లని చర్మం కిరణాల బాధను ఆపుతుంది. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని దాదాపు లేనేలేదు, ఉన్నది పొట్టి రోమమే. ఈ ఎండకు తగినట్లుగా తరతరాల ఎంపికలో నిలిచిన శరీరాలు ఇవి. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ చలినీటిలో వలలు లాగిన జాలరుల కుక్కలు. ఆ నల్లని, దట్టమైన రెండు పొరల బొచ్చు మంచుకోసం పుట్టినది. దానిని నెల్లూరు మేడమీద రేకుల కప్పు క్రింద గొలుసుతో కట్టి, వెలసిపోయినదని విచారించడం న్యాయమేనా అని గృహస్థులు ఆలోచించాలి.

నిజానికి బొచ్చు వెలవడం చిన్న విషయం. వెలిసేటంత ఎండ తగిలిన కుక్కకు వడదెబ్బ కూడా తగలగలదు. కుక్కకు పాదాలలో తప్ప ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే దానికి వేడిని వదిలించుకొనే ప్రధాన మార్గం. గాలిలో తేమ ఎక్కువైన తీరప్రాంతంలో ఆ మార్గం సగం మూసుకొనిపోతుంది. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 105 దాటినదంటే ప్రాణాపాయం దగ్గర పడినట్లే. విపరీతంగా రొప్పడం, చొంగ కారడం, చిగుళ్లు ఎర్రబడడం, తూలడం కనబడితే చల్లని నీరు ఒంటిపై పోస్తూ, గాలి విసురుతూ వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి. తుప్పురంగు తిరిగిన వీపు ఈ ఆపదకు ముందస్తు హెచ్చరిక. హెచ్చరికను రంగుతో కప్పిపెట్టడం మంచిది కాదు.

జంతువుకొక శాస్త్రం

మన పూర్వులు జంతువుల వైద్యాన్ని చిన్నచూపు చూడలేదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం ఉన్నది. గుర్రాలకు శాలిహోత్రుని పేరిట శాస్త్రం ఉన్నది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో వేటకుక్కలను గూర్చి సారమేయ వినోదమనే ప్రకరణమే ఉన్నది. కనుక మేలుజాతి కుక్కలను పెంచి పదిమందిలో చూపించడం మనకు కొత్త వేడుక కాదు. అయితే ఈ గ్రంథాల ఉనికి నుండి గ్రహించవలసిన నీతి ఒకటున్నది. మనిషికి చెప్పిన ఔషధాన్ని యథాతథంగా ఏనుగుకో గుర్రానికో ఇవ్వవచ్చునని పెద్దలు భావించి ఉంటే, ఒక్కొక్క జంతువుకు వేరు శాస్త్రం వ్రాసేవారే కారు. ప్రకృతి వేరు, అగ్ని వేరు, కోష్ఠం వేరు.

ఈ నీతిని మరచి వంటింటి చిట్కాలను కుక్కపై ప్రయోగించేవారు నేడు చాలామంది. కుక్క తన ఒంటిని నాకుతుంది. పైన రాసినదంతా కడుపులోకి పోతుందని తలచుకొనే ఏ లేపమైనా ఎంచుకోవాలి. ఆ దృష్టితో చూస్తే కొన్నింటిని ఇంటి గడప దాటనీయరాదు.

మొదటిది కర్పూరం. తలనూనెలో కర్పూరం బిళ్ల వేసుకొనే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. అది కడుపులోకి పోతే కుక్కకు ఫిట్స్ రాగలవు. నీలగిరి తైలం, నొప్పుల బాములు కూడా ఇదే కోవలోనివి. చిక్కని వేపనూనెను కూడా దట్టంగా పట్టించరాదు.

రెండవది, అన్నింటికంటె భయంకరమైనది, మనుష్యుల హెయిర్‌డై. ప్రదర్శనకు రెండు రోజులు ముందు వీపుపై హెయిర్‌డై పూసి నల్లగా చూపించే దురాచారం అక్కడక్కడ వినబడుతున్నది. అనేక హెయిర్‌డైలలో పారాఫినిలీన్ డైఅమైన్ అనే రసాయనం ఉంటుంది. అది కడుపులోకి పోయినవారికి గొంతు, మెడ వాచి ఊపిరి ఆడకపోవడం, కండరాలు కరిగి మూత్రపిండాలు చెడిపోవడం మన రాష్ట్రంలోని వైద్యులు అనేక సంవత్సరాలుగా చూస్తున్నదే. మనిషి ప్రాణం తీయగల వస్తువును, నాకే అలవాటున్న మూగజీవి ఒంటికి పూయడానికి చేతులెట్లా వస్తాయి?

మూడవది కుంకుడు రసం. మనిషి చర్మం కొంత ఆమ్ల గుణం కలది, కుక్క చర్మం అంతకంటె తటస్థమైనది. మన తలకు సరిపడినది దానికి సరిపడదు. కుంకుడు రసం కన్నులను మండించడమే కాక, బొచ్చుకు సహజ రక్షణయైన చమురును పూర్తిగా కడిగివేస్తుంది. చమురు పోయిన బొచ్చు ఇంకా త్వరగా వెలుస్తుంది. కుక్కలకోసం తయారైన మృదువైన షాంపూ వాడడంలో తప్పు లేదు. ఆయుర్వేదం మంచివస్తువును ఎక్కడినుండియైనా స్వీకరించమన్నదే గాని వద్దనలేదు.

నాలుగవది భస్మాలు. బొచ్చు నల్లబడడానికి రాగి అవసరమని ఎక్కడో చదివి తామ్రభస్మం పెట్టవచ్చునా అని అడిగేవారు ఉన్నారు. పెట్టరాదు. లాబ్రడార్, డోబర్‌మన్ జాతులలో కొన్ని కుక్కలకు రాగి కాలేయంలో పేరుకొని కాలేయాన్నే చెరిచే జబ్బు ఉన్నది. మేలు చేద్దామనుకొన్నది విషమై కూర్చుంటుంది.

నలుపు కూటిలో ఉన్నది

ఎండకు వెలసిన బొచ్చుకు, తిండి చాలక వెలసిన బొచ్చుకు భేదం తెలుసుకోవాలి. ఎండవలన అయితే వీపు, మెడ, తోక పైభాగం వెలుస్తాయి. పొట్ట, తొడల లోపలి భాగం నల్లగానే ఉంటాయి. వెంట్రుకను విడదీసి చూస్తే కొన ఎర్రగా, మొదలు నల్లగా ఉంటుంది. మొదలు నుండి కొన వరకు ఎర్రగా ఉంటే, ఒంటినిండా ఆ ఛాయ ఉంటే, ఆ దోషం లోపలిది.

నల్లని వర్ణకాన్ని శరీరం టైరోసిన్, ఫినైల్ అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాల నుండి తయారుచేస్తుంది. కుక్కపిల్ల పెరుగుదలకు చాలినంత మోతాదు నల్లని బొచ్చుకు చాలదని, సుమారు ఒకటిన్నర నుండి రెండు రెట్లు కావాలని పరిశోధకులు తేల్చారు. అంటే కుక్క ఏపుగా ఎదుగుతూనే ఎర్రబడవచ్చు. మన మధ్యతరగతి ఇళ్లలో కుక్కకు రెండుపూటలా పెరుగన్నం పెట్టి, వారానికొకసారి ఎముకలు వేయడం పరిపాటి. పెరుగన్నం చలువే, కాని దానితోనే నలుపు రాదు. ఉడికించిన గుడ్డు, ముల్లు తీసి ఉడికించిన చేప, మసాలా లేని కోడిమాంసం ఇటువంటివి రోజూ ఉండాలి. మాంసం ముట్టని ఇళ్లవారు పశువైద్యుని సలహాతో సమతుల్యమైన తయారీ ఆహారం పెట్టడం ఉత్తమం. కుక్కకు మన వ్రతాలు, నియమాలు వర్తింపజేయడం ధర్మం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నెల్లూరు చేపల పులుసు మనకు ప్రాణమే అయినా మిగిలిన పులుసన్నం కుక్కకు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పగులగొడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను చెరుస్తాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లమని 2021 నుండి పశువైద్యులు భావిస్తున్నారు. ఆ ఆమ్లం చింతపండులో కూడా పుష్కలంగా ఉన్నది. బలానికని పాలలో ఎండుద్రాక్ష నానబెట్టి ఇవ్వడం మనిషికి పథ్యం, కుక్కకు అపథ్యం.

మంచి తిండి తింటూ నీడలో ఉన్న కుక్క కూడా వెలుస్తూ ఉంటే, రెండు ప్రక్కలా సమానంగా బొచ్చు రాలుతూ ఉంటే, మందకొడిగా ఉండి లావెక్కుతూ ఉంటే థైరాయిడ్ లోపం వంటి జబ్బు ఉన్నదేమో చూపించాలి. బొచ్చు మొద్దుబారి, జ్వరం, నీరసం కూడా ఉంటే గోమార్ల వలన వచ్చే జ్వరాన్ని అనుమానించాలి. వీటికి రక్తపరీక్ష కావాలి. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల నడుస్తున్నది, అక్కడ చదివినవారు మన జిల్లాలన్నిటా ఉన్నారు. వారిని సంప్రదించడం ఆయుర్వేదానికి చిన్నతనం కాదు.

ఏడాది పొడవునా చేయవలసినది

గురుకులంలో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రం నిదాన పరివర్జనం. రోగకారణాన్ని తొలగించడమే చికిత్సలో సగం కంటె ఎక్కువ. గ్రీష్మంలో ఎండను, ఉప్పును, పులుపును, శ్రమను తగ్గించమని వాగ్భటుడు మనిషికి చెప్పిన ఋతుచర్య కుక్క విషయంలో కూడా చక్కగా అన్వయిస్తుంది. పైన జంతువుకొక శాస్త్రమన్న నేనే ఇట్లా అనడంలో విరోధం లేదు. మందు మారుతుంది గాని ఎండ అందరికీ ఒక్కటే.

చైత్రం నుండి ఆషాఢం వరకు ఉదయం 9 గంటల తరువాత, సాయంత్రం 5 గంటలలోపు కుక్కను బయట తిప్పవద్దు. నేలమీద అరచేతి వెనుకభాగం ఆనించి ఏడు క్షణాలు ఉంచలేకపోతే ఆ నేల కుక్క పాదాలకు తగదు. కట్టే చోటు వేపచెట్టు నీడయో, తాటాకు పందిరియో కావాలి. రేకుల కప్పు నీడ ఇస్తుంది గాని నిప్పులు కూడా కురిపిస్తుంది. గాజు కిటికీ ప్రక్కన ఎండలో పడుకొనే కుక్క కూడా వెలుస్తుంది, ఎందుకంటే కిరణాలలో ఒక భాగం మామూలు గాజును దాటి వస్తుంది.

సముద్రంలో ఆడిన కుక్కను ఇంటికి రాగానే మంచినీటితో తల నుండి తోక వరకు కడిగి, తువ్వాలుతో అద్ది, నీడలో ఆరనివ్వాలి. బోరునీరు ఉప్పనైతే చివరి రెండు బిందెలైనా మంచినీరు పోయాలి. నెలకు ఒకటి రెండు స్నానాలు చాలు. రోజూ దువ్వడం స్నానం కంటె మేలు. దువ్వినప్పుడు చర్మపు చమురు వెంట్రుక పొడవునా పరచుకొంటుంది, రాలవలసిన పాత బొచ్చు రాలి కొత్తదానికి చోటిస్తుంది. వేడి తగ్గుతుందని రెండు పొరల బొచ్చును పూర్తిగా గొరిగించవద్దు. అది వేడిని అడ్డుకొనే దుప్పటి కూడా.

ఇక తైలం. పెద్ద కుక్కకు అర చెంచా కొబ్బరినూనె అరచేతులలో రుద్దుకొని, సాయంకాలం బొచ్చుపై పలుచగా నిమిరి, దువ్వి, పొడిబట్టతో తుడవాలి. ఇది మెరుపుకోసం, పీచుదనం తగ్గడంకోసం. అంతకంటె ఎక్కువ పూస్తే దుమ్ము పడుతుంది, నాకితే విరేచనాలవుతాయి. నూనె రాసి ఎండలో విడువరాదు.

మన జిల్లాకు ప్రధానమైన వానలు ఈశాన్య ఋతుపవనాలవి. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఎండ చల్లబడుతుంది. వేసవినుండి సరియైన తిండి తిన్న కుక్కకు ఈ కాలంలో వచ్చే కొత్త బొచ్చు నల్లగా, దట్టంగా ఉంటుంది. చలికాలపు ప్రదర్శనకు అదే అసలైన అలంకారం. జ్యేష్ఠంలో నీడ ఇచ్చినవాడు మార్గశిరంలో ఫలం అందుకొంటాడు. జ్యేష్ఠంలో మేడమీద కట్టినవాడు మార్గశిరంలో సీసాల వెంట పడతాడు.

ప్రదర్శనలో ఎవరిని చూపిస్తున్నాము?

కృత్రిమంగా రంగు మార్చిన కుక్కను శునక సంఘాల ప్రదర్శన నియమాలు అంగీకరించవు. నియమం మాట ఎట్లా ఉన్నా, న్యాయనిర్ణేత బొచ్చులో వేళ్లు జొనిపి చూసేది రంగు ఒక్కటే కాదు. చర్మం ఆరోగ్యం, కండ పట్టు, కంటి తేట, నడకలోని ఉత్సాహం చూస్తాడు. ఒక ఏడాది పాటు యజమాని ఆ కుక్కను ఎట్లా చూసుకొన్నాడో దాని ఒళ్లే చెబుతుంది. కొంచెం వెలసిన బొచ్చుతో, ఆరోగ్యంతో నిలబడిన కుక్క యజమానికి తలవంపు కాదు. రంగుపూత క్రింద మండుతున్న చర్మంతో నిలబడిన కుక్కయే తలవంపు.

మరొక మాట. కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకొనే కుటుంబాలు ముందుగా ఇంట్లో నీడ ఎంత ఉన్నదో లెక్క వేసుకొంటే మంచిది. పగలంతా చల్లని చోటు చూపలేని ఇంటికి దట్టమైన నల్లబొచ్చు జాతి తగదు. ఈ దేశపు ఎండలో పుట్టి పెరిగిన పొట్టి బొచ్చు జాతులు మనకు ఉన్నాయి. 2005లో తపాలా శాఖ స్టాంపులు వేసి గౌరవించిన నాలుగు భారతీయ జాతులలో ముధోల్, రాజపాళయం కుక్కలు మన దక్షిణాదివే. వాటికి కూడా నీడ కావాలి గాని, మంచుదేశపు కోటు తొడుక్కొని ఎండలో నిలబడే శిక్ష వాటికి లేదు.

మన వైద్యంమీద ప్రజలకు ఇంకా విశ్వాసం ఉన్నది. ఆ విశ్వాసాన్ని నిలుపుకోవాలంటే చేయగలిగినది చేయగలమని, చేయలేనిది చేయలేమని స్పష్టంగా చెప్పడం వైద్యుల బాధ్యత. ఎండ తీసుకొనిపోయిన నలుపును ఏ మూలిక తిరిగి తెచ్చి ఇవ్వదు. దానిని ఎండకు ఇవ్వకుండా కాపాడుకోవడం మాత్రం ప్రతి గృహస్థు చేతిలోను ఉన్నది. అందుకు అయ్యే ఖర్చు నాలుగు తాటాకులు, రెండు బిందెల మంచినీరు, రోజూ పది నిమిషాల దువ్వెన.

శుభం భూయాత్.